గొంగడి మీద పెట్టిన రేటు

గుర్వయ్యను అందరూ తెలివైనవాడనేవారు. నేనూ అనేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన తెలివి వాళ్ల ఊళ్లో గొర్రెలు కాసుకునే ప్రతి కురుమ ఇంటికీ ఎంతో కొంత పనికొచ్చింది. ఒక్క ఆయన ఇంటికే పనికిరాలేదు.

నా సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఇవన్నీ నీకెలా తెలుసని అడుగుతారు. నా పేరు వెంకటనర్సు. మాది పోచంపల్లి, పద్మశాలీలం. మా నాయిన వారాల తరబడి నేసిన చీర పక్కనే, అదే పువ్వు అచ్చు గుద్దిన మిల్లు చీర సగం ధరకు వచ్చి కూర్చున్న నాడు నాకు మగ్గం మీద ఆశ పోయింది. ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మర్రిగూడ వైపు జీవాల అంగడిలో పనికి కుదిరాను. జీవాలంటే గొర్రెలు, మేకలు. ప్రతి శుక్రవారం పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, లోపలికి వచ్చే ఒక్కో జీవానికీ గుత్తేదారు తరఫున చిట్టీ చింపి ఇవ్వడం నా పని. ఎవరు తెచ్చారో, ఎవరు అమ్ముకుని ఖాళీ చేతులతో పోయారో నాకు తెలుస్తుంది. ఎంతకు అమ్మారో మాత్రం తెలియదు.

ఎందుకంటే మా అంగడిలో రేటు నోటితో చెప్పరు. కొనేవాడు, అమ్మేవాడు కుడిచేతులు కలుపుతారు. దళారి ఆ చేతుల మీద తువ్వాల కప్పుతాడు. లోపల వేళ్లు పట్టి బేరం చేస్తారు. ఒక్కో వేలు వెయ్యి, సగం వేలు అయిదు వందలు. తువ్వాల తీశాక ఇద్దరూ మొహం ముడుచుకునే ఉంటారు, లాభం వచ్చినవాడు కూడా. రేటు ఆ ఇద్దరికీ దళారికీ తప్ప నాలుగోవాడికి తెలియదు. దళారి చచ్చినా చెప్పడు, చెబితే మర్నాటి నుంచి వాడి తువ్వాల కింద ఎవరూ చెయ్యి పెట్టరు. మా దళారి కాటమయ్య పెళ్లాం కూడా అతను రోజంతా ఏ రేటుకు బేరాలు తెంపాడో ఎరగదు.

గుర్వయ్యది మర్రిగూడ మండలంలోనే ఒక చిన్న ఊరు. తాగిన ఫ్లోరైడు బోరునీళ్లకు పళ్లు చిన్నప్పుడే గోధుమరంగుకు తిరిగాయి. నలభై దాటేసరికి మోకాళ్లు బిగుసుకుపోయాయి. కింద కూర్చోలేడు, కూర్చుంటే ఇద్దరు లేపాలి. అందుకని ఎక్కడికి వెళ్లినా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడే ఉండేవాడు. మాట్లాడినా నిలబడే, తిన్నా నిలబడే. మందను దూరం తోలడానికి జీతగాణ్ని పెట్టుకునేవాడు. దగ్గరి మేతకు భార్య గుర్వమ్మ వెళ్లేది. కొడుకు నాగేందర్‌కు గొర్రెల వాసన పడలేదు. ట్రాలీ ఆటో కొనుక్కుని కిరాయిలకు తిప్పుకునేవాడు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు కురుమలకు సర్కారు గొర్రెలు ఇచ్చింది. ఆ ఊళ్లో చాలామంది నెల తిరక్కుండానే అమ్మకానికి పెట్టారు. అందరూ ఒకే శుక్రవారం తోలుకొచ్చారు. నా చిట్టీ పుస్తకాలు పొద్దున్నే అయిపోయాయి. అంగడి నిండా గొర్రెలే, కొనేవాళ్లు పిడికెడు మంది. మధ్యాహ్నానికి గొర్రె ధర కోడి ధరకు దిగింది. అప్పుడు గుర్వయ్య కర్ర పట్టుకుని లోపలికి వచ్చి, సొంత ఊరివాళ్ల గొర్రెలనే సగానికి సగం ధరకు కొన్నాడు. వాళ్ల కులపెద్ద బీరన్నవి కూడా. కొని ఊరుకోలేదు.

"అందరు ఒక్కతాన అమ్మితె గింతే బీరన్నా. గొర్రె ముందు పోతాంటె ఎన్క పోయేటిది గొర్రె. నువ్వు మనిషివి గదా" అన్నాడు అందరిలో.

నేను కూడా నవ్వాను. బీరన్న నవ్వలేదు. డబ్బు మడిచి రొండిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గొర్రెలతోనే గుర్వయ్య మంద ఊళ్లో పెద్దదయింది.

ఏటా సంక్రాంతి దాటాక, వరికోతలు కాగానే ఆ ఊరి మందలన్నీ హాలియా వైపు కదిలేవి. సాగర్ కాలువ కింద కోసిన పొలాల్లో గడ్డి ఉండేది, నీళ్లు ఉండేవి. పొలాల్లో మంద పెడితే ఎరువు పడుతుందని రైతులు బియ్యం కూడా కొలిచేవారు. వేసవి అలా గడిచేది. కానీ ఆ ఏడు వానలు లేవు, యాసంగికి కాలువకు నీళ్లు విడవలేదు. హాలియా పొలాలు కూడా మర్రిగూడ చెలకల్లాగే బీడు పడ్డాయి. పోయిన మందలు పోయినట్టే తిరిగొచ్చాయి. శివరాత్రి నాటికి ఊళ్లో మేత లేదు, ప్రతి దొడ్డిలోనూ ఏడాది వయసు పొట్టేళ్లు అమ్మకానికి ఉన్నాయి.

గుర్వయ్య దొడ్డిలో పదిహేను పొట్టేళ్లు, ఇరవైకి పైగా సూడి గొర్రెలు, అంటే కడుపుతో ఉన్నవి. ఆయనకు కావలసింది ఒక్కటే. సూడి గొర్రెలు మృగశిర వానల దాకా బతకాలి. పొట్టేళ్లను మంచి ధరకు అమ్మితే లారీ మాట్లాడి గొర్రెలను కృష్ణ ఒడ్డు వైపు పచ్చిక ఉన్నచోటికి పంపవచ్చు, జీతగాడికి తిండి పెట్టవచ్చు, దాణా కొనవచ్చు. పొట్టేలు ధర పడిపోతే గొర్రెలు పోతాయి. గొర్రెలు పోతే ఇక మంద లేదు, ఆ మోకాళ్లతో ఇంకో మందను పెంచే వయసూ లేదు. ఈ మాట ఆయనే నాతో గేటు దగ్గర చెప్పాడు. అప్పటికి పొట్టేలు ధర ఎనిమిది వేలు, కిందికి జారుతోంది.

ఆయనకు వచ్చిన ఆలోచన నిజంగా మంచిదే. నాకు కోపం ఉన్నా ఆ మాట ఒప్పుకోవాలి. బీరప్ప గుడి ముందు కురుమలందరినీ కూర్చోబెట్టి, తాను నిలబడి చెప్పాడట.

"మనం అంగడికి ఉరుకుతున్నం గనక వాడు రేటు దించుతాండు. మన జీవాలు మూడు నెలలు అంగడికి పోకపోతె ఏమైతది? పట్నపోళ్లకు బక్రీదుకు పొట్టేళ్లు కావాలె. వాళ్లే లారీలు ఏసుకోని మన దొడ్ల కాడికి వస్తరు. మనం చెప్పిందే రేటు. పన్నెండు వేలు. దానికి తక్కువ ఎవ్వలు అమ్మద్దు. బక్రీదు దాటినంక మీ ఇష్టం."

గుడి ముందు నల్లగొంగడి పరిచారు. దాని మీద బండారి, అదే బీరప్ప పసుపు, కుప్పగా పోశారు. ఇంటికొకరు వచ్చి గొంగడి మీద చెయ్యి పెట్టి, పన్నెండుకు తక్కువ అమ్మితే బీరప్ప నన్ను చూసుకోవాలని ఒట్టు వేసి, పసుపు నుదుటికి పెట్టుకున్నారు. కురుమకు గొంగడి మీది ఒట్టును మించింది లేదు. మొదట చెయ్యి పెట్టింది బీరన్న. తప్పినవాడికి కులం తప్పు వేస్తుందని, ఆ తప్పు బీరప్పకు పొట్టేలు కోసి కులమంతటికీ భోజనం పెట్టడమని కూడా అప్పుడే చెప్పాడు.

తర్వాతి శుక్రవారం ఆ ఊరి నుంచి ఒక్క జీవం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. పక్క ఊళ్ల కురుమలు కూడా సంగతి విని ఆగారు. పట్నం వ్యాపారులు ఖాళీ లారీల దగ్గర బీడీలు తాగుతూ నిలబడ్డారు. "ఏందయ్యా, ఈ దిక్కు గొర్లన్ని ఏమైనయ్?" అని నన్నడిగారు. ధర తొమ్మిదికి ఎక్కిందని లారీ డ్రైవర్లు మాట్లాడుకున్నారు. తర్వాత పది అన్నారు. గుర్వయ్య అమ్మడానికి ఏమీ తేకుండానే అంగడి చూడ్డానికి వచ్చేవాడు.

"చూస్తున్నవా తమ్మీ?" అనేవాడు కర్ర మీద గడ్డం పెట్టి. "నేను దొడ్లె నిలబడ్డ, ఈడ రేటు లేస్తాంది. ఇంకో నెల ఓపిక వడితె వాడే మన కాళ్లకాడికి వస్తడు."

ఆయన చెప్పనిది, లేదా ఆయనకు తట్టనిది ఒకటుంది. అందరూ ఆపితేనే ధర పెరుగుతుంది. ధర పెరిగిందంటే ఆపడం అంతకంటే కష్టమవుతుంది. ఎనిమిది ఉన్నప్పుడు ఒట్టు వేసినవాడికి పది కనిపిస్తే చెయ్యి దురద పెడుతుంది. మిగతావాళ్లంతా ఆగుతారు గదా, నేనొక్కణ్ని నాలుగు అమ్ముకుంటే ఏమవుతుందని అనుకుంటాడు. ఊరంతా విడివిడిగా, ఎవరి దొడ్డిలో వాళ్లు, సరిగ్గా అదే అనుకున్నారు.

మొదట వచ్చింది ఐలేశం. బీరన్న తమ్ముడు. తెల్లారుతుండగానే, అంగడి నిండకముందే ట్రాలీ నా గేటు దగ్గర ఆగింది. పొట్టేళ్ల మీద టార్పాలిన్ కప్పి ఉంది, ఐలేశం మొహం మీద తలగుడ్డ కప్పి ఉంది. ట్రాలీ నడుపుతున్నది నాగేందర్.

నేను చిట్టీ చింపి ఇచ్చి, ఐలేశం లోపలికి వెళ్లాక కుర్రాణ్ని పక్కకు పిలిచాను. "మీ బాపుకు ఎరుకేనా ఇది?"

"నాకెందుకు కాకా ఆ ఫికరు?" అన్నాడు నాగేందర్. "కిరాయి ఇచ్చిన్రు, తోలిన. ఐలేశం కాక పన్నెండుకే అమ్ముతనన్నడు. పన్నెండుకు అమ్మితె తప్పేమున్నది?"

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అంతే. ఒట్టు వేసినవాళ్లంతా ఒక్కొక్కరే, ఒకే ట్రాలీలో, ఒకే టార్పాలిన్ కింద పొట్టేళ్లను తెచ్చారు. లోపల ఇద్దరు ఊరివాళ్లు ఎదురుపడితే ఒకడు గొర్రె పళ్లు చూసేవాడు, ఇంకొకడు ఆకాశం చూసేవాడు. తువ్వాల పడేది, వేళ్లు కదిలేవి, తువ్వాల లేచేది. సాయంత్రం ఊరికి వెళ్లి, ఎవరైనా పట్టుకుని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. పన్నెండుకు ఇచ్చిన. ఒట్టు తప్పలేదు. కాదనేవాడు లేడు. కాదనాలంటే తువ్వాల కింద చెయ్యి ఉండాలి. బీరన్న అయితే ట్రాలీ కూడా ఎక్కలేదు, అల్లుణ్ని పంపాడు. తన బోరు కింద సూపర్ నేపియర్ గడ్డి ఉంది కాబట్టి రెండు మంచి పొట్టేళ్లను ఇంటి దగ్గరే ఉంచుకున్నాడు.

ఈ పన్నెండు అబద్ధం ఒట్టు తప్పడం కంటే పెద్ద పాపమని నా ఉద్దేశం. పదికి అమ్ముకున్నామని నిజం చెప్పి ఉంటే గుర్వయ్య రెండు తిట్లు తిట్టి తానూ పదికి అమ్ముకునేవాడు. అంగడిలో మనిషికి కావలసింది పక్కవాడికి ఎంత పలికిందన్న ఒక్క నిజం. ఆ నిజాన్ని సొంత కులంవాళ్లు, సొంత కొడుకు తిప్పి చెప్పారు. నాగేందర్ ఇంటికి వెళ్లి "బాపూ, అందరు పన్నెండుకు అమ్ముతున్రంట" అని చెప్పాడు. వాడు అబద్ధమాడాలని ఆడలేదు, విన్నది చెప్పాడు. అది ఇంకా పాడు.

గుర్వయ్యకు సంతోషం పట్టలేదు. తన రేటు పలుకుతోంది. ఏప్రిల్ నెలలో ఒక శుక్రవారం మొత్తం పదిహేనింటినీ తోలుకొచ్చాడు, గుర్వమ్మ వెనక నడుస్తూ. పొట్టేళ్లు కొంచెం బక్కచిక్కాయి, అయినా చూడ్డానికి బాగానే ఉన్నాయి. కాటమయ్య తువ్వాల కప్పాడు. నేను గేటు నుంచే చూస్తున్నాను. చాలాసేపు వేళ్లు కదిలాయి. వ్యాపారి చెయ్యి లాక్కున్నాడు, మళ్లీ పెట్టాడు, మళ్లీ లాక్కున్నాడు. గుర్వయ్య తల అడ్డంగా ఊపాడు.

తిరిగి పోతుంటే గేటు దగ్గర ఆపాను. ఎంతకు అడిగాడని ఎవరూ అడగకూడదు, అయినా అడిగాను.

"పది" అన్నాడు ఆయన, ఉమ్మేస్తూ. "అందరికి పన్నెండు ఇచ్చి నాకు పది అంటాండు. నా మోకాళ్లు చూసి, వీడు మళ్ల నడ్సి రాలేడనుకున్నడు."

"అన్నా, ఎవ్వలకు పన్నెండు రాలే. నా మాటిను. పదికి ఇచ్చెయ్" అన్నాను. "పట్నపోళ్లు గేటు కాడ ఏం మాట్లాడుకుంటున్రో నేను ఇంటున్న. పన్నెండన్న ముచ్చటే లేదు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "తువ్వాల కింద చెయ్యి పెట్టినవా?"

"లేదు."

"మరి నీకెట్ల ఎరుక? గొంగడి ముట్టినోళ్లు అబద్ధం చెప్తరా? మీ శాలోళ్లకు గొంగడంటె బట్ట. మాకు గట్ల కాదు."

నాకు రోషం వచ్చింది. జీవాలను బయటికి వదిలాను. గుర్వమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి నా మొహం చూసింది. ఆమెకు అర్థమైందని నాకనిపించింది. కానీ బేరం సంగతిలో ఆమె మాట ఎవరు వింటారు.

ఆ పై వారం రాయచూరు వైపు నుంచి లారీలు దిగాయి. నల్లగొండ దిక్కున పొట్టేలు పది పలుకుతోందన్న వార్త మనకంటే ముందు వాళ్లకు చేరింది. ధర పెరిగితే సరుకు వస్తుంది, ఎంత దూరం నుంచైనా వస్తుంది. గుర్వయ్య లెక్కలో ఊరి పొట్టేళ్లే లోకంలో ఉన్న పొట్టేళ్లు. రెండంతస్తుల లారీల్లోంచి పొట్టేళ్లు దూకుతూ ఉంటే నా చిట్టీలు మళ్లీ చాలలేదు. అవి నున్నగా, బలంగా ఉన్నాయి. ధర తొమ్మిదికి, ఎనిమిదికి, ఏడుకు దిగిందని గేటు దగ్గర చెప్పుకున్నారు. ఊరివాళ్లు అప్పటికే తమవి అమ్ముకుని ఒడ్డున పడ్డారు. గుర్వయ్య ఆగడం వల్ల పెరిగిన ధర వాళ్లు తిన్నారు. వాళ్లు చెప్పిన అబద్ధం వల్ల గుర్వయ్య ఆగుతూనే ఉన్నాడు.

ఆయన మళ్లీ ఒకసారి వచ్చాడు. ఏడు అన్నారు. తువ్వాల విదిలించి కొట్టాడు. "బక్రీదు దగ్గరికి రానియ్యి, చూస్తా" అన్నాడు. ఆ మాటలో అప్పటికే బలం లేదు.

మే నెలలో నేను పని మీద ఆ ఊరికి వెళ్లి వాళ్లింటికి పోయాను. గుర్వమ్మ తుమ్మకొమ్మలు నరికి తెచ్చి దొడ్డిలో వేస్తోంది. ముళ్లకు చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. పొద్దున వాళ్లు తాగాల్సిన గంజి గొర్రెలకే పోసిందట. నాలుగు గొర్రెలకు కడుపులు జారిపోయాయి. రెండు లేవలేక పడి ఉన్నాయి. మెత్తటి పొట్టు కూడా ఆ ఏడు బంగారం ధరకు ఉంది. అందరికీ కావాలి, ఎవరి దగ్గరా లేదు. పొట్టేళ్లకు పక్కటెముకలు కనిపిస్తున్నాయి. గుర్వయ్య దొడ్డి తడిక పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వదినె, ఎంతకో అంతకు అమ్మేయున్రి. ముందు సూడి గొర్లను బతికించుకోన్రి" అన్నాను.

గుర్వమ్మ కత్తి కింద పడేసింది. "నాకు చెప్తవేంది తమ్మీ? ఆయనకు చెప్పు. ఒట్టంట. ఆ గొంగడి తెచ్చి ముందలెయ్యమను, గొర్లు మేస్తయేమో చూద్దాం."

"ఇంకో పదిహేను రోజులు" అన్నాడు గుర్వయ్య, మా ఇద్దరివైపూ చూడకుండా. "బక్రీదుకు రాక యాడికి పోతరు."

నేను ఆ రోజు ఆయన్ని తిట్టాను. ఊరంతా నిన్ను ముంచి తిన్నారు, నీ కొడుకు ట్రాలీలోనే పోయాయి, నువ్వొక్కడివే పసుపు పెట్టుకుని కూర్చున్నావని అరిచాను. ఆయన కర్రతో ఒక తుమ్మకొమ్మను పడి ఉన్న గొర్రె మూతి దగ్గరికి జరిపాడు. తర్వాత "ఒట్టు పెట్టిపిచ్చింది నేనే గదా తమ్మీ. నేనే తప్పితె ఎట్ల?" అన్నాడు. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

బక్రీదుకు వారం ముందు ఆయన చెప్పినట్టే ఒక వ్యాపారి దొడ్డి దగ్గరికే వచ్చాడు. పట్నం వ్యాపారి కాదు. పక్క ఊరి కటికాయన, బక్కచిక్కిన జీవాలు చౌకగా దొరుకుతాయని విని వచ్చాడు. అప్పటికి సూడి గొర్రెల్లో సగం పోయాయి. మిగిలినవి తలలు నేలకు వేశాయి. పొట్టేళ్లలో పన్నెండు మిగిలాయి. గుర్వయ్య అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపి, భుజం మీది తువ్వాల తీశాడు.

కటికాయన చెయ్యి పెట్టలేదు. "వీటికి తువ్వాలెందుకు పెద్దాయనా? పొట్టేలుకు మూడు వేలు. గొర్రెకు వెయ్యి. ఇష్టముంటె ఎక్కియ్యి, లేకుంటె రేపటికి అవి కూడ రావు" అన్నాడు గట్టిగా. ఎండలో, వాడకట్టు మొత్తం వినేలా చెప్పాడు.

గుర్వయ్య చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయిందట. గుర్వమ్మే ముందుకు వచ్చి "ఎక్కిచ్చుకో" అంది. ఆ సాయంత్రానికి దొడ్డి ఖాళీ అయింది. ఆ వారంలోనే వాన పడింది.

వాన వెలిసిన మర్నాడు బీరన్న కులపంచాయితీ పిలిచాడు. గడువు తీరకముందే, పన్నెండు మాట తప్పి, పొట్టేలును మూడు వేలకు అమ్మినందుకు గుర్వయ్య జవాబు చెప్పాలి. అంగడికి ఎవరెవరు వచ్చారో చెప్పడానికి గుర్వయ్య నన్ను రమ్మన్నాడు. గొంగడి మళ్లీ పరిచారు. అందరూ కూర్చున్నారు. ఆయన ఒక్కడే కర్ర పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు, దొంగలా.

"మీరు అమ్మలేదా? ఐలేశం, నువ్వు అమ్మలేదా?" అన్నాడు గుర్వయ్య.

"అమ్మిన. పన్నెండుకు అమ్మిన" అన్నాడు ఐలేశం. "ఒట్టు పన్నెండుకు తక్కువ అమ్మద్దనే గదా?"

నేను లేచి, ఆ వేసవిలో నా గేటు దాటిన వాళ్ల పేర్లన్నీ చెప్పాను. పది కంటే ఎక్కువ ఎవరికీ రాలేదన్నాను.

"వచ్చినం, అమ్మినం. కాదన్నమా?" అన్నాడు బీరన్న నెమ్మదిగా. "రేటు నువ్వు చూసినవా? తువ్వాల కింద నీ చెయ్యి ఉన్నదా?"

కాటమయ్యను పిలిపించారు. అతను తల వంచుకుని, "తువ్వాల కింది ముచ్చట బయట పెట్టే దందా నాది కాదు. నన్ను అడగకున్రి" అన్నాడు. నాగేందర్ గుడి గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు. తండ్రి పేరు పెట్టి పిలిస్తే తలెత్తాడు. "నాకేం ఎరుక బాపూ. నేను తోలెటోణ్ని" అన్నాడు. అంతే.

ఊరంతా కలిసి తువ్వాల కింద తప్పిన ఒట్టుకు సాక్షి లేడు. గుర్వయ్య తప్పిన ఒట్టుకు వాడకట్టంతా సాక్షి. దాచి అమ్మినవాళ్లు కూర్చుని తీర్పు చెప్పారు. "థూ, మీ బతుకులు చెడ" అన్నాను పైకే. వేరే కులపోడివి, మధ్యలో నీకేం పని అని నన్ను బయటికి నడిపించారు. నేను గుడి అరుగు దగ్గర నిలబడ్డాను.

తప్పు పడింది. బీరప్పకు పొట్టేలు, కులానికి భోజనం. అదే రోజు కట్టాలి. గుర్వయ్య దొడ్డిలో పొట్టేలు లేదు. ఊళ్లో ఎవరి దొడ్డిలోనూ లేదు, అందరూ అమ్ముకున్నారు. అంగడికి ఇంకా నాలుగు రోజులుంది. ఉన్నవి బీరన్న ఇంటి దగ్గర పచ్చగడ్డి మేస్తున్న రెండే. అమ్మేవాడు ఒక్కడు, కొనక తప్పనివాడు ఒక్కడు. ఇంత సులువైన బేరం నేను మా అంగడిలో ఎన్నడూ చూడలేదు.

కాటమయ్య పాపం, అలవాటుగా తువ్వాల తీసి ముందుకు వచ్చాడు. బీరన్న వద్దన్నాడు.

"మనోళ్ల నడుమ దాపరికమేంది? అందరు ఇంటరు. పన్నెండు వేలు. గుర్వన్న పెట్టిన రేటే గదా, నేను ఎక్కువ అడుగుతనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గుర్వయ్య చొక్కా లోపలి జేబులోంచి కటికాయన ఇచ్చిన నోట్లు తీశాడు. నాలుగు పొట్టేళ్లకు వచ్చిన డబ్బు అక్కడ ఒక్క పొట్టేలుకు చేతులు మారింది. బీరన్న వాటిని కళ్లకద్దుకుని, తనకు దేవుడు ఇచ్చాడన్నాడు. ఆ వేసవిలో ఆ ఊళ్లో గొంగడి రేటుకు అమ్ముడుపోయిన పొట్టేలు అదొక్కటే.

బీరప్ప ముందు కోశారు. తలకాయ కులపెద్దకు పోయింది. మిగిలింది ఇంటింటికీ వాటాలు వేశారు. తప్పు కట్టినవాడికీ ఒక వాటా ఇవ్వడం ఆచారం, గుర్వయ్యకూ మోదుగాకులో చుట్టి ఇచ్చారు. నేను ఆయన వెంట ఇంటిదాకా నడిచాను. ఖాళీ దొడ్డి తడిక తీసే ఉంది. గుర్వమ్మ ఆ ఆకుల పొట్లం అందుకుని, విప్పి చూసింది. ఆయన మొహాన కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. కారం, ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరూ తిన్నారు, ఆయన నిలబడి, ఆమె కూర్చుని. వారం రోజులుగా ఆ ఇంట్లో కూర వండలేదు.